పెన్న మీద వంతెనకి టోల్ పెడతామంటే ఊర్లు ఎందుకు ఒప్పుకోలేదు: ఒక కేస్ స్టడీ

నేను ట్రాఫిక్ సర్వేలు, రోడ్ల డీపీఆర్‌లు (పనికి ముందు తయారుచేసే వివరమైన ప్రాజెక్టు నివేదికలు) చేసే కన్సల్టెంట్‌ని. పని ఎక్కువగా రాయలసీమలోనే. ఈ కేసు కడప జిల్లాది, మైలవరం డ్యాం దిగువన పెన్న మీద కట్టాలనుకున్న ఒక హైలెవెల్ వంతెనది. ఫైలు ఇంకా నడుస్తోంది కాబట్టి ఊర్ల పేర్లు, ఆఫీసుల పేర్లు రాయడం లేదు. జరిగిన తీరు మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నా. ఎందుకంటే రాష్ట్ర రోడ్ల మీద కూడా టోల్ అనే మాట ఇప్పుడు తరచుగా వినపడుతోంది. 2024 నవంబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అసెంబ్లీలోనే ఈ ఆలోచన బయటపెట్టారు, ముందు గోదావరి జిల్లాల్లో పైలట్‌గా చూద్దామని, బైకులకి, ఆటోలకి, ట్రాక్టర్లకి ఉండదని అన్నారు. రేపు ఇలాంటి ఫైలు ఇంకో ఇంజనీరు టేబుల్ మీదకి వస్తుంది, ఇంకో ఊరి సర్పంచి ముందుకి వస్తుంది. వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

నాకు టోల్ అంటేనే పడదని అనుకోవద్దు. కర్నూలు నుంచి అనంతపురం మీదుగా బెంగళూరు పోతే అమకతాడు, కాసేపల్లి, మరూరు టోల్ ప్లాజాలు వరసగా తగులుతాయి. పోయేవాళ్ళు గొణుక్కుంటారు గానీ కడతారు. వాళ్ళకి గంటలు కలిసొస్తున్నాయి, పైగా అది నెలకోసారో రెండుసార్లో పోయే దారి. కర్నూలు–కడప రోడ్డు సంగతీ అంతే. ఊరి నుంచి పక్క టౌనుకి పొద్దున పోయి సాయంత్రం వచ్చే దారి మీద, అదీ దాటడానికి వేరే దిక్కులేని ఏటి మీద టోల్ పెట్టడం పూర్తిగా వేరే విషయం. ఈ రెండింటినీ ఒకే ఎక్సెల్ షీట్‌లో ఒకే ఫార్ములాతో లెక్కేయడం దగ్గరే ఈ గొడవంతా పుట్టింది.

అక్కడి పరిస్థితి

పెన్న ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. అటు ఇటు జనం దాటేది పాత లోలెవెల్ కాజ్‌వే మీద. ఊర్లో వాళ్ళు చప్టా అంటారు. మైలవరం గేట్లు ఎత్తితే దాని మీద నీళ్ళు పారతాయి, పోలీసులొచ్చి అడ్డంగా డ్రమ్ములు పెడతారు, ఇక చుట్టూ తిరిగి పోవాల్సిందే. నీళ్ళు తగ్గాక చూస్తే తూముల్లో కంపచెట్లు ఇరుక్కుని ఉంటాయి, అంచుల్లో కాంక్రీటు లేచిపోయి కమ్మీలు బయటపడి ఉంటాయి, గార్డు రాళ్ళు కొన్ని ఏట్లో పడి ఉంటాయి. ఒక చోట అంచు ఎంత కొట్టుకుపోయిందంటే, ఎదురుగా నాపరాయి బండల లారీ వస్తుంటే బైకు మీదున్న మనిషి ఆగి, ఒక కాలు కింద పెట్టి, బండిని లోపలికి వంచి నిలబడాలి. వెనక పాల క్యాన్లు కట్టుకున్నవాళ్ళు రోజూ ఆ పని చేస్తారు.

టౌను ఇవతల ఒడ్డున ఉంది. ఆసుపత్రి, జూనియర్ కాలేజీ, మార్కెట్ యార్డు, బ్యాంకు అన్నీ ఇటే. పొలాలు, ఊర్లు, కొన్ని బండల ఫ్యాక్టరీలు అవతల. పప్పుశనగ, పత్తి, చీనీకాయలు అటునుంచి ఇటు రావాలి. ఎరువుల బస్తాలు ఇటునుంచి అటు పోవాలి. అంటే ఈ దాటు మీద పోయే బండ్లలో ఎక్కువ భాగం పది పదిహేను కిలోమీటర్లు మించి పోయేవి కావు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే మిగతా కథంతా తేలిగ్గా అర్థమవుతుంది.

వంతెన కావాలని ఎవరికీ వేరే చెప్పాల్సిన పని లేదు. 2021 నవంబరు వరదలకి కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలి, కడప–తాడిపత్రి రోడ్డు తెగిపోయినప్పుడు జనం ఎంత చుట్టు తిరిగారో ఈ జిల్లాలో అందరికీ గుర్తే. మేము ఏ ఊర్లో మాట్లాడినా ఆ పేరు వచ్చింది.

టోల్ ఎక్కడినుంచి వచ్చింది

రోడ్ల శాఖ దగ్గర డబ్బు లేదు, అది నిజం. రోడ్ల రిపేర్లకే బిల్లులు పెండింగులో ఉన్నప్పుడు పెద్ద వంతెనకి ఒకేసారి నిధులు కేటాయించడం కష్టం. అందుకని పీపీపీ (ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్య) పద్ధతి ముందుకొచ్చింది. ఒక సంస్థ కట్టాలి, టోల్ వసూలు చేసుకోవాలి, గిట్టుబాటు కాని భాగానికి వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ తెచ్చుకోవాలి. ఆ స్కీములో కేంద్రం ప్రాజెక్టు ఖర్చులో 20 శాతం దాకా, రాష్ట్రం ఇంకో 20 శాతం దాకా ఇవ్వొచ్చు. ఎర్రగుంట్ల వైపు సిమెంటు లారీలు, అవతల బండల లారీలు ఉన్నాయి కదా, వాటి మీద ఆదాయం వస్తుందని లెక్క. నా పని ఆ లెక్క నిజమో కాదో తేల్చడం. ఎన్ని బండ్లు పోతున్నాయి, వాటిలో టోల్ కట్టేవి ఎన్ని, టోల్ పెడితే వేరే దారికి పోయేవి ఎన్ని అని చూడటం.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ఐఆర్‌సీ 9 ప్రకారం ఏడు రోజులు, పగలూ రాత్రీ బండ్లు లెక్కపెట్టాలి. డిగ్రీ పిల్లల్ని పెట్టుకుని, షిఫ్టులు వేసి చేశాం. దానితో పాటు చప్టా మొదట్లో బండ్లు ఆపి ఎక్కడినుంచి ఎక్కడికి అని అడిగే సర్వే కూడా. ఇక్కడ ఈ పని చేసేవాళ్ళు తప్పకుండా చూడాల్సిన విషయం ఒకటుంది, కొంచెం వివరంగా చెప్తా.

మన రిపోర్టుల్లో ట్రాఫిక్‌ని పీసీయూల్లో చూపిస్తాం, అంటే ఒక్కో బండి రోడ్డు మీద ఎన్ని కార్లతో సమానమో చెప్పే కొలతలో. ఐఆర్‌సీ 64 ప్రకారం కారు 1, బైకు 0.5, లారీ లేదా బస్సు 3, ట్రాలీ తగిలించిన ట్రాక్టర్ 4.5, ఎద్దులబండి ఏకంగా 8. రోడ్డు ఎంత వెడల్పుండాలో తేల్చడానికి ఈ లెక్క సరైనదే, ఎందుకంటే ఎద్దులబండి నిజంగానే అంత అడ్డం పడుతుంది. కానీ టోల్ ఆదాయానికి ఇదే సంఖ్య పట్టుకుపోతే మునిగిపోతాం. ఉదాహరణకి రోజుకి 1,000 బైకులు, 100 ట్రాక్టర్ ట్రాలీలు, 200 కార్లు పోతున్నాయనుకోండి. బైకులవి 500 పీసీయూలు, ట్రాక్టర్లవి 450, కార్లవి 200. మొత్తం 1,150. చూసేవాళ్ళకి పరవాలేదు, ట్రాఫిక్ ఉందే అనిపిస్తుంది. కానీ బైకులకి, ట్రాక్టర్లకి మినహాయింపు ఇస్తే టోల్ కట్టేది ఆ 200 కార్లే. రాయలసీమలో ఏ మండల రోడ్డు తీసుకున్నా సంగతి ఇలాగే ఉంటుంది. రోడ్డు నిండుగా ఉంటుంది, డబ్బు కట్టే బండి తక్కువ. మా సర్వేలో కూడా బైకులు, ఆటోలు, ట్రాక్టర్లే ముందు వరసలో ఉన్నాయి.

ఇప్పుడు డబ్బు వైపు చూద్దాం. వంతెన 80 కోట్లు అనుకుందాం, ఇది నా ఉదాహరణ మాత్రమే. కేంద్రం, రాష్ట్రం కలిపి 40 శాతం గ్యాప్ ఫండింగ్ పూర్తిగా ఇచ్చాయనే అనుకుందాం, 32 కోట్లు పోయి 48 కోట్లు మిగులుతుంది. 10 శాతం వడ్డీ వేస్తే ఏడాదికి 4.8 కోట్లు, రోజుకి దాదాపు లక్షా ముప్పై ఒక్క వేలు. ఇది వడ్డీ ఒక్కటే. అసలు లేదు, టోల్ బూత్ జీతాలు లేవు, కరెంటు లేదు, నిర్వహణ లేదు. టోల్ కట్టే బండ్లు రోజుకి 1,000 ఉంటే సగటున బండికి 131 రూపాయలు పడుతుంది. 2,000 ఉన్నా 65 పైనే. ఏరు దాటడానికి ఈ రేటు పెడితే ఎవరైనా ఒప్పుకుంటారా? ఒప్పుకోరు గనక రేటు తగ్గించాలి, రేటు తగ్గిస్తే ఏళ్ళు పెంచాలి, లేదా మినహాయింపులు తీసెయ్యాలి. ఊర్లు భయపడింది సరిగ్గా ఈ రెండింటికే. వాళ్ళ చేతిలో ఎక్సెల్ షీట్ లేకపోయినా లెక్క వాళ్ళకి అర్థమైంది.

మీటింగుల్లో ఏం మాట్లాడారు

మొదటి ప్రశ్నావళి శాఖ వాళ్ళది. అందులో "కొత్త వంతెన వస్తే టోల్ చెల్లించడానికి సిద్ధంగా ఉన్నారా" అని ఉంది. చాలామంది అవునన్నారు. ఎందుకనరు? కాదంటే వంతెన పోతుందని భయం. ఆ అవుననే సమాధానాన్ని జనం ఒప్పుకున్నట్టుగా ఫైల్లో రాయడం నాకు నచ్చలేదు. మేము ప్రశ్న మార్చాం. వారంలో ఎన్నిసార్లు దాటుతారు, ఏ బండి మీద, ఎందుకు, ఒక్కోసారికి ఇంత అయితే నెలకి ఎంతవుతుంది, అంత కట్టగలరా అని అడిగాం. అప్పుడు బయటపడింది అసలు సంగతి. టాటా ఏస్ నడిపే ఒకాయన వేళ్ళ మీద లెక్కేసుకుని, ఈఎంఐ తర్వాత తన చేతికి మిగిలేదాంట్లో టోల్‌కి ఎంత పోతుందో తనే చెప్పి, "ఇంక నాకేముంది సార్, బండి అమ్ముకోవల్ల" అన్నాడు.

గ్రామసభ పెద్ద ఊర్లో, స్కూలు ఆవరణలో జరిగింది. ఆటో వాళ్ళు, బండల ఫ్యాక్టరీల వాళ్ళు, పాలు పోసే ఆడవాళ్ళు, కాలేజీ పిల్లల తల్లిదండ్రులు వచ్చారు. పార్టీల వాళ్ళు తర్వాత వచ్చారు. ఇది ప్రత్యేకంగా ఎందుకు చెప్తున్నానంటే, టోల్‌కి వ్యతిరేకంగా ఏం జరిగినా వెనక ఏదో పార్టీ ఉందని పై ఆఫీసులో అనుకుంటారు. ఇక్కడ పార్టీలు జనం వెనక వచ్చాయి.

అందరికన్నా గట్టిగా అడిగింది పాలు పోసే ఒకామె. "సార్, ఏటికి నీళ్లొచ్చినప్పుడు మీ బ్రిడ్జి మీద పోతాం, డబ్బులు కడతాం. నీళ్లు లేనప్పుడు మా చప్టా మీద మేం పోతాం. ఆ చప్టా ఉంచుతారా, తీసేస్తారా? అది చెప్పండి ముందు." వేదిక మీద ఎవరూ వెంటనే జవాబివ్వలేదు. ఇవ్వలేరు కూడా. టోల్ ప్రాజెక్టుల ఒప్పందాల్లో పోటీ రోడ్డు గురించి క్లాజు ఉంటుంది. పక్కనే టోల్ లేని దారి బాగుచేస్తే కట్టిన సంస్థకి ఆదాయం తగ్గుతుంది, దానికి పరిహారం కట్టాల్సి రావొచ్చు. కాబట్టి చప్టాని కూల్చకపోయినా, తూములు తీయించకుండా, అంచులు కట్టించకుండా వదిలేస్తే చాలు, రెండు వరదలకి అదే పోతుంది. ఆమెకి క్లాజు తెలియదు, కానీ అడగాల్సింది అదే అడిగింది. ఈ కేసు మొత్తంలో దీనికన్నా ముఖ్యమైన ప్రశ్న నాకు కనపడలేదు.

స్కాట్లాండులో స్కై అనే దీవికి 1995లో ప్రైవేటు పెట్టుబడితో వంతెన కట్టి టోల్ పెట్టారు. వంతెన తెరవగానే అప్పటిదాకా నడిచే ఫెర్రీ ఆపేశారు. అంటే దాటాలంటే టోల్ కట్టక తప్పదు. జనం ఏళ్ళ తరబడి టోల్ కట్టమని మొరాయించారు, కేసులు పెట్టించుకున్నారు, శిక్షలు పడ్డాయి. చివరికి 2004 డిసెంబరులో ప్రభుత్వమే వంతెన కొనేసి టోల్ ఎత్తేసింది. మన చప్టా కూడా ఆ ఫెర్రీ లాంటిదే.

రెండో ప్రశ్న మినహాయింపుల మీద. ఒక తండ్రి లేచి, "బైకులకి లేదంటున్నారు, రాసిస్తారా" అని అడిగాడు. జాతీయ రహదారుల మీద అయితే 2008 ఫీజు నిబంధనల్లోనే బైకులకి, ఆటోలకి, ట్రాక్టర్లకి టోల్ లేదని ఉంది. మనది రాష్ట్ర రోడ్డు. ఇలాంటి వాటికి 1851 నాటి టోల్స్ చట్టం కింద నోటిఫికేషన్ ఇవ్వాలి, మినహాయింపులు ఆ నోటిఫికేషన్లో ఎలా రాస్తే అలా ఉంటాయి. రాసిస్తామని ఆ సభలో ఎవరూ మాటివ్వలేకపోయారు. ఆ క్షణం నుంచి సభలో మాట తీరే మారిపోయింది.

జాతీయ రహదారుల నిబంధనలు తెచ్చి అలాగే పెడితే సరిపోదా అని ఒక అధికారి నన్ను పక్కకి పిలిచి అడిగారు. పూర్తిగా సరిపోదు. ఆ నిబంధనల్లో ప్లాజాకి 20 కిలోమీటర్ల లోపు ఉండే సొంత కార్లకి నెల పాస్ ఉంది, 2025–26కి 350 రూపాయలు. బాగానే ఉంది. కానీ అది పసుపు బోర్డు బండ్లకి వర్తించదు. జిల్లాలో రిజిస్టరైన కమర్షియల్ బండ్లకి సగం రేటు అని వేరే రాయితీ ఉంది, అదీ సర్వీసు రోడ్డు గానీ ప్రత్యామ్నాయ దారి గానీ లేనప్పుడే. ఇక్కడ ఇంకో చిక్కు. 2019లో ఏపీ 39 సిరీస్ వచ్చాక నంబరు చూసి ఏ జిల్లా బండో చెప్పలేం. పాత ఏపీ 04 అయితే కడప అని దూరం నుంచే తెలిసేది. పైగా 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాయి. బూత్‌లో కుర్రాడు ఆర్‌సీ చూపించమంటాడు, డ్రైవరు దగ్గర జిరాక్సు ఉంటుంది, వెనక హారన్లు మోగుతుంటాయి, గొడవ అక్కడే మొదలవుతుంది. కాగితం మీద రాయితీ ఇవ్వడం వేరు, అది బూత్ దగ్గర పనిచేయడం వేరు. 2025 ఆగస్టు 15 నుంచి వచ్చిన 3,000 రూపాయల వార్షిక పాస్ గురించి కూడా ఒకాయన అడిగాడు. అది జాతీయ రహదారుల మీద సొంత కార్లకే, 200 ట్రిప్పులకే. రోజుకి పోను రాను రెండుసార్లు దాటేవాడికి వంద రోజుల్లో అయిపోతుంది.

వంతెనల విషయంలో ఆ నిబంధనలు మొదటినుంచీ కఠినంగానే ఉన్నాయి. మామూలుగా రెండు ప్లాజాల మధ్య 60 కిలోమీటర్లు ఉండాలి, కానీ వంతెన, బైపాస్, సొరంగం అయితే పక్కనే ఇంకోటి పెట్టుకోవచ్చు. వంతెన పొడవుని పది రెట్లు చేసి టోల్ లెక్కకట్టేవాళ్ళు. 2025 జులైలో దాన్ని సవరించారు. వంతెన పొడవుకి పది రెట్లు వేసి మిగతా రోడ్డు పొడవుకి కలిపితే వచ్చేది ఒకటి, మొత్తం సెక్షన్ పొడవుకి ఐదు రెట్లు ఒకటి, రెండింట్లో ఏది తక్కువైతే అది. సెక్షన్ అంతా వంతెనే అయితే టోల్ సగానికి వస్తుంది. మంచి మార్పే, కానీ మన రాష్ట్ర రోడ్డుకి అది దానంతటది వర్తించదు.

మూడో ప్రశ్న, "ఎన్నేండ్లు?" దీనికి ఒక అంకె చెప్పారు గానీ జనం నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం ఉంది. జాతీయ రహదారుల నమూనా ఒప్పందంలో ట్రాఫిక్ అనుకున్నదానికన్నా 1 శాతం తగ్గితే గడువు 1.5 శాతం పెరుగుతుంది, 20 శాతం దాకా పెంచుకోవచ్చు. మా వంతెన ఒప్పందం డ్రాఫ్ట్‌లో కూడా అలాంటి క్లాజే పెట్టారు. ట్రాఫిక్ ఎక్కువ చేసి చూపిస్తే టెండరు గట్టెక్కుతుంది, తర్వాత తగ్గిందని చెప్పి ఏళ్ళు పెంచుకోవచ్చు, భారం మాత్రం దాటేవాడిదే. ఢిల్లీ–నోయిడా డీఎన్‌డీ ఫ్లైవే కథ ఇంకా ఘోరం. 2001లో తెరిచిన ఆ వంతెన ఒప్పందంలో మొత్తం ఖర్చు మీద ఏటా 20 శాతం రాబడి అని రాశారు, ఆ ఏడు రాని మొత్తం మళ్ళీ ఖర్చులో కలుస్తుంది. అలా రాస్తే బాకీ ఎప్పటికీ తీరదు. అక్కడి కాలనీ సంఘాలు కోర్టుకెళ్ళాయి. 2016 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు టోల్ ఆపేసింది, 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. ఈ తీర్పు గురించి సభలో ఒక కుర్రాడు ఫోన్లో చూసి చదివి వినిపించాడు. పల్లెటూరి వాళ్ళకి ఇవన్నీ ఏం తెలుసని అనుకునే రోజులు పోయాయి.

"మేం ఇప్పటికే కడుతున్నాం కదా" అనే మాట అన్ని సభల్లోనూ వచ్చింది. బండి కొన్నప్పుడు లైఫ్ ట్యాక్స్, పెట్రోలు డీజిలు మీద కేంద్రం రోడ్డు సెస్సు, దాని మీద 2020 సెప్టెంబరు నుంచి రాష్ట్రం లీటరుకి రూపాయి రోడ్డు సెస్సు. బస్సులో పోయేవాళ్ళూ తప్పించుకోలేరు, టోల్ ఉన్న దారిలో ఆర్టీసీ టికెట్‌లోనే ఆ చార్జీ కలుపుతుంది. దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు, ఎవరి దగ్గరైనా ఉందని నేననుకోను.

బండల ఫ్యాక్టరీల వాళ్ళది వేరే దారి. మొదట్లో వాళ్ళు టోల్‌కి అనుకూలం. చప్టా మీద యాక్సిల్ విరిగితే, సరుకు రెండు రోజులు ఆగితే పోయే డబ్బుతో పోలిస్తే టోల్ నయం అన్నారు. లారీకి కారు మీద మూడింతలు పైన పడుతుందని తెలిశాక లెక్క మార్చుకున్నారు. జాతీయ రహదారుల 2008 నిబంధనల్లోని బేస్ రేట్లు చూసినా కారుకి కిలోమీటరుకి 65 పైసలు, లారీకి 2 రూపాయల 20 పైసలు. నాపరాయి వ్యాపారంలో మార్జిన్ పలచన, రవాణా ఖర్చు పెరిగితే తాడిపత్రి, బేతంచెర్ల సరుకుతో పోటీ పడలేమన్నారు. అప్పటిదాకా లారీలే ఆదాయం అనుకున్న లెక్కకి అక్కడితో కాళ్ళు విరిగాయి.

మేము ఏం సిఫార్సు చేశాం

ఈ వంతెనకి టోల్ పద్ధతి కుదరదని రాశాం. జనం వద్దన్నారు కాబట్టి అని రాస్తే ఫైలు కదలదు. అందుకని టోల్ కట్టే బండ్ల పట్టిక, కట్టని బండ్ల పట్టిక విడివిడిగా పెట్టి, వడ్డీకి కూడా చాలదని చూపించాం. స్థానిక ప్రయాణాలే ఎక్కువని చూపించాం. టోల్ పెడితే నీళ్ళు లేని నెలల్లో బండ్లన్నీ చప్టా మీదకే పోతాయని, చప్టా మూసేస్తే తప్ప ఆదాయం రాదని, మూసేస్తే శాంతిభద్రతల సమస్య వస్తుందని రాశాం. ఈ చివరి వాక్యం తీసెయ్యమని ఒత్తిడి వచ్చింది. తీయలేదు.

దాని బదులు మూడు చోట్ల నుంచి డబ్బు తేవాలని అన్నాం. పెద్ద భాగం నాబార్డు గ్రామీణ మౌలిక వసతుల నిధి (ఆర్‌ఐడీఎఫ్) అప్పు, 1995 నుంచి గ్రామీణ రోడ్లకి, వంతెనలకి రాష్ట్రాలు వాడుకుంటున్న నిధి అది. రెండోది కేంద్ర రోడ్డు, మౌలిక వసతుల నిధి. మూడోది జిల్లా మినరల్ ఫౌండేషన్ (డీఎంఎఫ్). దీని మీదే నాకు పట్టుదల ఎక్కువ. 2015లో గనుల చట్టం సవరించాక లీజుదారులు రాయల్టీ మీద అదనంగా ఈ నిధికి కడుతున్నారు. గనుల వల్ల నష్టపోయే ప్రాంతాల కోసం పెట్టిన నిధి ఇది. 2024 మార్గదర్శకాల ప్రకారం కనీసం 70 శాతం తాగునీరు, ఆరోగ్యం, చదువు లాంటి వాటికి పోవాలి, మిగతా 30 శాతం దాకా రోడ్లు, వంతెనలు వంటివాటికి వాడొచ్చు. చప్టాని నలగ్గొడుతున్నది బరువు లారీలు, ఆ బరువు గనుల నుంచి వస్తోంది. పాల క్యాన్ల బైకుని, రోగిని తీసుకుపోయే కారుని ఆపి వసూలు చేసేకంటే, రాయి తవ్విన చోట ఇప్పటికే వసూలైన డబ్బులో కొంత ఇటు తేవడం న్యాయం. మొత్తం వంతెనకి అది చాలదు, కానీ రాష్ట్రం వాటా తగ్గుతుంది.

"మేము కట్టే డీఎంఎఫ్ డబ్బులు ఇన్నేళ్ళూ ఎటు పోయాయి?" అని ఫ్యాక్టరీల వాళ్ళు అడిగారు. అడగాల్సిందే. ఆ లెక్క జిల్లా స్థాయిలో బయటపెట్టమని రిపోర్టులో ఒక పేరా రాశాం.

నాలుగో సిఫార్సు చప్టా గురించి. వంతెన ఏ పద్ధతిలో కట్టినా చప్టా ఉండాలి, తూములు ఏటా వానలకి ముందు తీయించాలి, అంచులు కట్టించాలి, గార్డు రాళ్ళు తిరిగి పాతించాలి, నీటి మట్టం గుర్తులు రెండు ఒడ్డుల్లో వేయించాలి. దీని ఎస్టిమేటు వంతెనతో కలపకుండా విడిగా పెట్టాం, వంతెన ఆగినా ఇది ఆగకూడదని.

తర్వాత ఏమైంది

టోల్ ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. ఊర్లలో టపాసులు కాల్చారు. కానీ వంతెన వెంటనే రాలేదు. ఆర్‌ఐడీఎఫ్ జాబితాలో ముందున్న పనులు చాలా ఉన్నాయి, మనది వాటి వెనక చేరింది. ఆ తర్వాతి వానాకాలం మైలవరం గేట్లు ఎత్తినప్పుడు మళ్ళీ డ్రమ్ములు పెట్టారు. ఇంటర్ చదివే అమ్మాయి తండ్రి ఒకాయన ఫోన్ చేసి, "టోల్ వద్దంటే బ్రిడ్జి కూడా పాయె కదా సార్, మా పాప పరీక్షలు మీరు రాస్తారా" అని గట్టిగానే అడిగాడు. ఆయన కోపం న్యాయమైనది. టోల్ ఒప్పుకుని ఉంటే కొంచెం ముందు పని మొదలయ్యేదేమో. కానీ ఆదాయం చాలని ప్రాజెక్టుకి టెండరు పిలిస్తే, పునాదులు వేసి మధ్యలో ఆపేసిన వంతెన మిగిలే ప్రమాదమే ఎక్కువని నా నమ్మకం. ఆయనకీ అదే చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడని చెప్పలేను.

ఆలస్యం గురించి ఇంకో మాట. కృష్ణ మీద సిద్ధేశ్వరం–సోమశిల దగ్గర 2007 జనవరిలో పడవ మునిగి పదుల మంది చనిపోయారు. అక్కడ వంతెనకి 1,082 కోట్లు కేంద్రం మంజూరు చేసింది 2022లో. అక్కడ జనం అభ్యంతరం టోల్ మీద కాదు, ఉత్త వంతెన కాకుండా నీళ్ళు నిలిపే అలుగు కూడా కావాలన్నది. దాని కోసం 2016 మే 31న వేల మంది రైతులు తామే వెళ్ళి శంకుస్థాపన చేశారు. సీమలో వంతెన వద్దన్న ఊరు నాకు ఎక్కడా తగల్లేదు. వంతెనతో పాటు ఏం పోతుంది, ఏం రావాల్సింది రాకుండా పోతుంది అనేదే గొడవ. ఆ ప్రశ్న డీపీఆర్ మొదట్లోనే అడిగితే ఏళ్ళు మిగులుతాయి.

ఇలాంటి పని చేసే తోటి వాళ్ళకి రెండు మాటలు. టోల్ సాధ్యాసాధ్యాల నివేదికలో పీసీయూ పట్టిక పక్కనే టోల్ కట్టే బండ్ల పట్టిక పెట్టండి, అది లేని రిపోర్టు మీద సంతకం చేయకండి. సర్వే నీళ్ళు పారే రోజుల్లో ఒకసారి, ఇసుక ఉన్న రోజుల్లో ఒకసారి చేయండి, రెండింట్లో వచ్చే ట్రాఫిక్ వేరు, మనుషుల జవాబులు కూడా వేరు. ఊర్లకి చెప్పేది ఇంకొకటి: మినహాయింపు మాట ఎవరిచ్చినా, నోటిఫికేషన్ డ్రాఫ్ట్ కాపీ అడగండి. పాత దారి నిర్వహణ ఎవరిదో కాగితం మీద చూపించమని అడగండి.

చప్టా రిపేరు ఎస్టిమేటుకి మంజూరు వచ్చింది. తూములు తీశారు, ఒక పక్క అంచు కట్టారు, రెండో పక్క బిల్లు కోసం ఆగింది. వంతెన కోసం మట్టి పరీక్షల బోర్‌హోల్స్ వేయాలి. అది ఏట్లో నీళ్ళు తగ్గాకే కుదురుతుంది. డీఎంఎఫ్ వాటా మీద జిల్లా కమిటీ ఇంకా తేల్చలేదు, పాలు పోసే ఆడవాళ్ళు, ఆటో యూనియన్ వాళ్ళు కలిసి ఆ కమిటీకి అర్జీ పెట్టారు, దానితో జతచేయడానికి మా రిపోర్టులోని పట్టికల కాపీలు అడిగితే ఇచ్చాను.